ఆరో అంతస్తు కిటికీ దగ్గర మా నాన్న: డల్లాస్ సిక్స్త్ ఫ్లోర్ మ్యూజియం

మేము డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో పదకొండేళ్ళుగా ఉంటున్నాం. ఇండియా నుంచి ఎవరొచ్చినా తిప్పి చూపించే చోట్లు దాదాపు ఖాయం. ఊళ్ళోనే ఉన్న గాంధీ మెమోరియల్, ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ గుడి, ఫోర్ట్‌వర్త్‌లో పొడుగు కొమ్ముల ఎద్దుల్ని రోడ్డు మీద నడిపించే స్టాక్‌యార్డ్స్, తరవాత ఏదో ఒక ఔట్‌లెట్ మాల్. ఈసారి నాన్న మాత్రం వచ్చిన రెండో రోజే "కెన్నెడీని కాల్చిన బిల్డింగ్ ఇక్కడే కదమ్మా, ముందు అది చూపించు" అన్నారు. పదకొండేళ్ళలో నేనూ లోపలికి వెళ్ళలేదు. బయట రోడ్డు మీంచి పోతూ చూడటమే.

ఆయన ఎందుకు అడిగారో నాకు తెలుసు. నాన్న విశాఖ స్టీల్‌ప్లాంట్‌లో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో పని చేసి రిటైరయ్యారు. 1991 మే 21న రాజీవ్ గాంధీ వైజాగ్ వచ్చినప్పుడు జనంలో నిలబడి చూశారు. అదే రోజు రాత్రి శ్రీపెరంబుదూర్‌లో బాంబు పేలింది. పొద్దున లేచేసరికి అన్నీ బంద్. తెలుగుదేశం వాళ్ళ ఆఫీసుల మీద, ఆస్తుల మీద దాడులు. అప్పుడు నేను చిన్నపిల్లని. నాన్న రేడియో ముందు కూర్చుని "నిన్న సాయంత్రం ఇక్కడే నవ్వుతూ చెయ్యి ఊపాడే" అని పదే పదే అనడం గుర్తుంది.

ఆ రోజు వైజాగ్ నుంచి మద్రాసు బయల్దేరాల్సిన విమానంలో కమ్యూనికేషన్ సిస్టం పని చెయ్యలేదు. ప్రయాణం ఆగిపోయిందనుకుని రాజీవ్ గెస్ట్‌హౌస్‌కి వెనుదిరిగారు. ఇంతలో లోపం సరిచేశారని కబురొచ్చింది. తిరిగి వచ్చి విమానమెక్కి మద్రాసు వెళ్ళిపోయారు. నాన్న ముప్పై ఏళ్ళ పైగా పట్టుకుని కూర్చున్న అనుమానం అదే. "చెడిపోయిన విమానాన్ని అంత తొందరగా ఎవడు బాగుచేశాడు? ఎవడు చెయ్యమన్నాడు?" పెళ్ళిళ్ళలో, ట్రైన్‌లో, ఆఖరికి నా నిశ్చితార్థం రోజు మా మామగారితో కూడా ఇదే మాట్లాడారు.

శనివారం పొద్దున లాస్ కొలీనాస్‌లో డార్ట్ ట్రైన్ ఆరెంజ్ లైన్ ఎక్కి వెస్ట్ ఎండ్ స్టేషన్‌లో దిగాం. అక్కణ్ణించి నాలుగడుగులు. నా సలహా కూడా ఇదే. కారు తీసుకెళ్తే ఆ డౌన్‌టౌన్‌లో పార్కింగ్ వెతుక్కోవడం పెద్ద టెన్షన్. టికెట్టు ఆన్‌లైన్‌లో ముందే, టైము పెట్టుకుని కొనుక్కోండి.

ఎర్ర ఇటుకల ఏడంతస్తుల భవనం. 1963లో, ప్రెసిడెంటు కెన్నెడీని చంపినప్పుడు, అది టెక్సస్ స్కూల్ బుక్ డిపాజిటరీ, అంటే బడి పుస్తకాల గోడౌన్. తరవాత కింది అంతస్తుల్లోకి డల్లాస్ కౌంటీ ఆఫీసులు వచ్చాయి. ఆరో అంతస్తుని 1989లో మ్యూజియం చేశారు. లిఫ్టు ఉంది, నాన్న మోకాళ్ళకి ఇబ్బంది కాలేదు. చెవులకి పెట్టుకునే ఆడియో గైడ్ ఇస్తారు. తెలుగు లేదు కాబట్టి నేనొక చెవితో వింటూ ఆయనకి చెప్పుకుంటూ పోయాను. రెండు గంటలు పట్టింది. తొందరగా ముగించాలనుకునేవాళ్ళు రావద్దు. అంతా చదువుకుంటూ, ఫొటోలు చూస్తూ నడవాలి. చిన్నపిల్లలకి విసుగొస్తుంది. మా పదమూడేళ్ళ అమ్మాయి మాత్రం మాకంటే నెమ్మదిగా నడిచింది.

మొదట్లో కెన్నెడీ ఎన్నిక, ఆయన కాలం నాటి అమెరికా, క్యూబా గొడవ ఉంటాయి. ఇవి బాగానే ఉన్నా ఎక్కడైనా దొరికేవే. మధ్యకి వచ్చేసరికి ఊపిరి బిగుసుకుంటుంది. ఆ మధ్యాహ్నం ట్రేడ్ మార్ట్‌లో ఆయన కోసం సిద్ధం చేసిన భోజనం తాలూకు ప్లేటూ గ్లాసూ చూపిస్తారు. నాన్న దాని ముందు ఆగి "వడ్డించిన విస్తరి" అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు.

ఆగ్నేయ మూల కిటికీ దగ్గరికి మనల్ని వెళ్ళనివ్వరు. చుట్టూ అద్దం కట్టి, ఆ రోజు పోలీసులు తీసిన ఫొటోల్లో ఉన్నట్టే పుస్తకాల అట్టపెట్టెలు పేర్చి పెట్టారు. కిటికీ సగం పైకెత్తి ఉంటుంది. ఆ మూలలో దొరికినవి మూడు ఖాళీ తూటా గొట్టాలు. తుపాకీ ఎదురు మూలన మెట్ల దగ్గర పెట్టెల మధ్య దొరికింది. అది ఇటలీ తయారీ పాత సైనిక రైఫిలు. కెన్నెడీని కాల్చాడని పోలీసులు పట్టుకున్న లీ హార్వీ ఓస్వాల్డ్ దాన్ని షికాగో షాపుకి మారుపేరుతో ఆర్డరు రాసి, పోస్టు ఖర్చులతో కలిపి 21 డాలర్ల 45 సెంట్లకి తెప్పించుకున్నాడు.

అద్దం మూలకి పక్కనున్న కిటికీల్లోంచి మనం చూడొచ్చు. ఏడో అంతస్తుకి వెళ్తే సరిగ్గా ఆ మూల పైనే నిలబడొచ్చు. నాన్న అక్కడ నిలబడి కిందికి చూశారు. ఎల్మ్ స్ట్రీట్ వంపు తిరిగి రైల్వే వంతెన కిందికి జారిపోతూ ఉంటుంది. తూటాలు తగిలిన చోట రోడ్డు మీద తెల్ల రంగుతో వేసిన ఎక్స్ గుర్తులు కనపడ్డాయి. కార్లు వాటి మీంచే పోతున్నాయి. ప్రెసిడెంటు తలకి తగిలిన తూటా వెళ్ళిన దూరం 265 అడుగులు.

"ఇంతేనా?" అన్నారు నాన్న. "ఇంత దగ్గరా? మన క్వార్టర్స్ గేటు నుంచి పాల బూత్ అంత కూడా లేదు."

ఈ మ్యూజియానికి నేను ఐదుకి ఐదు ఇవ్వడానికి కారణం ఆ కిటికీయే. టీవీలోనూ యూట్యూబ్‌లోనూ చూసినప్పుడు, ఈ బిల్డింగ్ ముందున్న డీలీ ప్లాజా ఒక పెద్ద మైదానంలా, ఎక్కడో కొండంత ఎత్తు నుంచి గురిచూసి కొట్టినట్టు అనిపిస్తుంది. అక్కడ నిలబడితే అంతా ఒక చిన్న కూడలి. కారు నెమ్మదిగా, పైకప్పు లేకుండా, కిటికీకి దూరంగా జరుగుతూ పోతోంది. నౌకాదళ మెరైన్స్‌లో తుపాకీ నేర్చుకున్నవాడికి అది అసాధ్యం కాదని, ఏ నిపుణుడూ చెప్పకుండానే కళ్ళకి తెలిసిపోతుంది. మ్యూజియం ఆ మాట మనతో అనదు. వాళ్ళు అటు ఓస్వాల్డ్ ఒక్కడే కాల్చాడని ప్రభుత్వం వేసిన వారెన్ కమిషన్ చెప్పిందీ ఇటు అనుమానించేవాళ్ళు చెప్పేదీ రెండూ పెట్టి, కిటికీ దగ్గర మనల్ని వదిలేస్తారు. ఆ నిబ్బరం నాకు చాలా నచ్చింది.

నాన్న అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. "సరే, కొట్టగలడు. కానీ సరిగ్గా ఆ రోడ్డు మీద, ఆ బిల్డింగ్‌లో వాడికి ఉద్యోగం ఎలా దొరికింది? ఎవరో పెట్టించాలి కదా?"

దీనికి జవాబు మా ఊళ్ళోనే ఉంది. ఇర్వింగ్‌లో వెస్ట్ ఫిఫ్త్ స్ట్రీట్‌లో రూత్ పెయిన్ అనే ఆవిడ ఉండిన చిన్న ఇల్లు ఉంది. ఓస్వాల్డ్ భార్య మరీనా పిల్లలతో అక్కడ తలదాచుకునేది. ఆ ఇంటిని ఇర్వింగ్ నగరపాలక సంస్థ కొని, 1963లో ఎలా ఉందో అలా సర్ది 2013 నుంచి చూపిస్తోంది. మ్యూజియం చూసినవాళ్ళు ఆ ఇల్లు కూడా చూడాలి. ముందుగా టూర్ బుక్ చేసుకోవాలి. మేము మర్నాడు వెళ్ళాం. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కాఫీ తాగుతూ మాట్లాడుకుంటుంటే, పుస్తకాల గోడౌన్‌లో మనుషులు కావాలిట అనే సంగతి వచ్చింది. రూత్ పెయిన్ ఫోన్ చేసి అడిగింది. ఓస్వాల్డ్ అక్టోబరు 16న చేరాడు. ప్రెసిడెంటు కారు ఆ బిల్డింగ్ ముందు నుంచి పోతుందని పేపర్లో వచ్చింది నెల దాటాక, నవంబరు 19న.

ఆ ఇంటి గ్యారేజీ చూస్తే మన దగ్గర పాత సామాన్లు పడేసుకునే గదే. రైఫిలు అక్కడే దుప్పటిలో చుట్టి ఉంది. హత్యకి ముందు రోజు, గురువారం రాత్రి ఓస్వాల్డ్ వచ్చి, డల్లాస్‌లో ఇల్లు తీసుకుందాం రమ్మని భార్యని బతిమాలాడు. ఆమె రానంది. పొద్దున పెళ్ళి ఉంగరం ఒక కప్పులో, 170 డాలర్లు డ్రస్సర్‌లో పెట్టి, పొడుగాటి కాగితం సంచీ పట్టుకుని, తోటి ఉద్యోగి కారెక్కాడు. అదేంటని అతను అడిగితే కర్టెన్ రాడ్లు అన్నాడు.

నాన్న ఆ బెడ్‌రూమ్ గుమ్మంలో చాలాసేపు నిలబడ్డారు. "ఆ పిల్ల వస్తానని ఉంటే?" అని అడిగారు.

నేను చెప్పదలుచుకున్న విషయం ఇదే. ఆ శుక్రవారం పొద్దున వాన పడింది. ఆగకుండా పడుంటే కారుకి ప్లాస్టిక్ కప్పు వేసేవాళ్ళు. ఆ కప్పు తూటాని ఆపేది కాదు గానీ, గురి అంత సులువుగా కుదిరేది కాదేమో. వాన ఆగింది, ఎండ కాసింది, కప్పు తీసేశారు. ఇలాంటివి ఒకదాని మీద ఒకటి పడి అంత పెద్ద మనిషి పోయాడంటే మనసు ఒప్పుకోదు. కొండంత నష్టానికి కొండంత కారణం కావాలి. ఇరవై నాలుగేళ్ళ, ఏ ఉద్యోగంలోనూ నిలవని, పెళ్ళాంతో పొసగని కుర్రాడు సరిపోడు. మాఫియా, సీఐఏ, క్యూబా నేత కాస్ట్రో అయితే తూకం సరిపోతుంది. 1979లో అచ్చైన ఒక మనస్తత్వ పరిశోధనలో, అధ్యక్షుడు చనిపోయాడని చెప్తే కుట్ర అనుకున్నవాళ్ళు, తూటా తప్పిందని చెప్పినప్పటి కంటే ఎక్కువ. కాల్చింది ఒకటే, అనుమానం మాత్రం ఫలితాన్ని బట్టి. రాజీవ్ గాంధీ ఆ రాత్రి క్షేమంగా బయటపడి ఉంటే, వైజాగ్‌లో విమానం రిపేరు గురించి నాన్న ఒక్కసారైనా అడిగేవారా?

అయితే అనుమానించేవాళ్ళని వెర్రివాళ్ళనడం నాకు ఇష్టం ఉండదు. గాలప్ సర్వే సంస్థ 2023లో అడిగితే అమెరికన్లలో 65 శాతం మంది ఓస్వాల్డ్ ఒక్కడే కాదన్నారు. 1976లో 81 శాతం. అంతమంది ఊరికే అనలేదు. కాస్ట్రోని చంపించడానికి సీఐఏ మాఫియాతో చేతులు కలిపిన సంగతి వారెన్ కమిషన్‌కి చెప్పలేదు. ఆ సీఐఏకి అంతకుముందు అధిపతిగా ఉన్న ఆలెన్ డలెస్ ఆ కమిషన్‌లోనే సభ్యుడు. హత్యకి కొన్ని వారాల ముందు ఓస్వాల్డ్ డల్లాస్ ఎఫ్‌బీఐ ఆఫీసుకి వెళ్ళి ఇచ్చిన చీటీని, వాడు చచ్చాక ఆఫీసులోనే చింపి టాయిలెట్‌లో వేసి ఫ్లష్ చేశారు. మాఫియా సంగతీ, చీటీ సంగతీ 1975 ప్రాంతంలో బయటపడ్డాయి. తప్పు కప్పిపుచ్చుకోవడానికి దాచినా, నేరం చేసి దాచినా, బయటి నుంచి చూసేవాడికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. 1979లో అమెరికా కాంగ్రెస్ కమిటీయే, పోలీసు రేడియో రికార్డింగ్ ఆధారంగా, బహుశా కుట్రే అయ్యుంటుందని తేల్చింది. 1982లో నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ఆ శబ్దాలు కాల్పులు జరిగిన నిమిషం తరవాతివని చెప్పి కొట్టేసింది. రెండో మాట మొదటి మాటంత దూరం వెళ్ళలేదు.

మ్యూజియంలో నన్ను అన్నిటికంటే కుదిపేసింది ఒక సూటు. ఓస్వాల్డ్ చేతికి తన చేతిని కలిపి సంకెళ్ళు వేసుకుని నడిపించిన డిటెక్టివ్ వేసుకున్న లేత రంగు సూటు, టోపీ. నవంబరు 24న పోలీసు హెడ్‌క్వార్టర్స్ బేస్‌మెంట్‌లో, టీవీ లైవ్‌లో జాక్ రూబీ అనే నైట్‌క్లబ్ ఓనరు వచ్చి ఓస్వాల్డ్‌ని కాల్చేశాడు. ఆ ఫొటోలో డిటెక్టివ్ మొహం చూసే ఉంటారు. ఆ ఒక్క తూటాతో కేసు కోర్టుకి పోకుండా పోయింది. గాంధీగారిని చంపినవాడు అక్కడికక్కడే దొరికాడు. ఎర్రకోటలో విచారణ జరిగింది, వాడు చెప్పుకున్నదంతా రికార్డైంది. ఇక్కడ అడగాల్సిన మనిషే లేడు. ఆ నోట రావాల్సిన జవాబు ప్రతివాడూ తనకు తోచినట్టు ఊహించుకోవాల్సిందే.

బయటికొచ్చాక గడ్డి దిబ్బ మీద, చెక్క కంచె దగ్గర కూర్చున్నాం. రెండో తుపాకీ అక్కడే ఉందని ఎక్కువమంది అనేది. పత్రికలు, ఫొటోలు అమ్ముకునే ఒకాయన నాన్నని పట్టుకుని, చేతులు తిప్పుతూ గొడుగు మనిషి కథ మొదలుపెట్టాడు. నాన్న పది డాలర్లు పెట్టి పత్రిక కొన్నారు. నేనేమీ అడ్డు చెప్పలేదు, ఆయన డబ్బు ఆయనిష్టం. కానీ ఆ కథలో సగమే చెప్పారు కాబట్టి మిగతా సగం నేను చెప్పాను.

ఎండ కాస్తున్న ఆ మధ్యాహ్నం, కారు దగ్గరికి రాగానే ఒక మనిషి నల్ల గొడుగు విప్పి పైకెత్తాడు. ఫొటోల్లో ఉంది. కాల్చమని సైగ అన్నారు కొందరు, గొడుగులోనే ఆయుధం ఉందన్నారు ఇంకొందరు. 1978లో ఆ మనిషే కాంగ్రెస్ కమిటీ ముందుకు గొడుగు పట్టుకుని వచ్చాడు. డల్లాస్‌లో ఇన్సూరెన్స్ కంపెనీ ఉద్యోగి. కెన్నెడీ తండ్రి లండన్‌లో రాయబారిగా ఉన్నప్పుడు, హిట్లర్‌కి తలొగ్గిన బ్రిటిష్ ప్రధాని చాంబర్లేన్‌ని సమర్థించాడు. చాంబర్లేన్ చేతిలో ఎప్పుడూ నల్ల గొడుగే. ఆ గొడుగు చూపిస్తే కెన్నెడీకి మండుతుందని ఎవరో చెప్తే, ఈయన తెచ్చి చూపించాడు. అంతే.

నేను ఇదంతా చెప్తుంటే నాన్న నమ్మకుండా చూశారు. ఒక్క నిమిషం తరవాత ఆయనే "ఓ, నల్లజెండా చూపించినట్టా!" అన్నారు. మంత్రి వస్తుంటే నల్లజెండాలు పట్టుకుని నిలబడిన యూనియన్ మనిషికి అది ఒక్క ముక్కలో అర్థమైపోయింది.

అక్కడికి రెండడుగుల దూరంలోనే అబ్రహాం జప్రూడర్ నిలబడి ఆ 26 సెకన్ల ఫిల్ము తీసిన సిమెంటు దిమ్మె ఉంది. ఆడవాళ్ళ గౌన్లు కుట్టించి అమ్మే వ్యాపారి. పొద్దున కెమెరా ఇంట్లో వదిలేసి వస్తే, ఆఫీసులో వాళ్ళు పోరుపెట్టి వెనక్కి పంపించారు. శ్రీపెరంబుదూర్‌లో కూడా ఒక కెమెరా ఉంది. ఫొటోగ్రాఫర్ హరిబాబు బాంబులో చనిపోయాడు, అతని కెమెరా మాత్రం మిగిలింది. అందులోని ఫొటోల్లో పూలదండ పట్టుకున్న మానవబాంబు ధను, పక్కన ఆ కుట్ర నడిపిన శివరాసన్ కనపడ్డారు. దర్యాప్తు అంతా అక్కణ్ణించే పట్టాలెక్కింది. ఆ కెమెరా ముడి విప్పింది. జప్రూడర్ కెమెరాలో తల వెనక్కి విసురుగా పడటం చూసినవాళ్ళకి, తూటా ముందు నుంచే వచ్చిందని అనిపించింది. 1975లో టీవీలో వేశాక అనుమానాలు రెట్టింపయ్యాయి.

నాన్న గట్టిగా పట్టుకున్నది ఇక్కడే. "చూశావా, రాజీవ్ గాంధీ కేసులో కుట్ర ఉన్నట్టే కదా." ఉంది. ఎల్టీటీఈ చేసిన కుట్ర, సాక్ష్యాలతో నిలబడింది. టాడా కోర్టు 1998లో 26 మందికీ ఉరి వేస్తే, సుప్రీం కోర్టు 1999లో 19 మందిని వదిలేసి నలుగురికి ఉరి ఖాయం చేసింది. కుట్రలు ఉండవని నేను అనను. ఉన్నవాటికి పేర్లుంటాయి, ఫొటోలుంటాయి, సరిపోకపోతే కోర్టు కొట్టేస్తుంది కూడా. వైఎస్ రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ 2009 సెప్టెంబరు 2న పడిపోయినప్పుడు మనం ఏం చేశామో గుర్తుందా? నాలుగు నెలల తరవాత, అది ఒక కంపెనీ చేయించిన కుట్ర అని ఏదో వెబ్‌సైట్ రాసిందని టీవీలో వేస్తే, ఆ రాత్రే ఆ కంపెనీ షాపుల మీద పడి పగలగొట్టారు. ఆ షాపుల్లో బిల్లులు కొట్టే పిల్లలు మన పిల్లలే. మా పిన్ని కొడుకు అలాంటి ఒక షాపులో లోపల తాళం వేసుకుని తెల్లారేదాకా కూర్చున్నాడు.

తిరుగు ట్రైన్‌లో అమ్మాయి నిద్రపోయింది. నాన్న కొన్న పత్రిక ఒళ్ళో మూసే ఉంది. లాస్ కొలీనాస్ రాబోతుండగా, ఉన్నట్టుండి అన్నారు. "మాకు మెయింటెనెన్స్‌లో బ్రేక్‌డౌన్ వస్తే ఇంకేం ఉండదమ్మా. ఎవరు ఎక్కుతారు, ఎక్కడికెళ్తారు, ఏమీ తెలీదు. లైన్ మళ్ళీ నడవాలి, అంతే."

కాసేపు కిటికీలోంచి చూశారు.

"వైజాగ్‌లో ఆ విమానం బాగుచేసినాయన ఎవరోగానీ, ఆ రాత్రి వార్త విని ఎలా పడుకున్నాడో పాపం."